గొడగూచి తండ్రి

పాల్కురికి సోమనాథ మహాకవి పదమూడవ శతాబ్దిలో ద్విపదగా రచించిన బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు పెక్కు కలవు. వానిలో గొడగూచి కథ లింగవంతుల యిండ్లలో ముసలివారి నోట విననివారు అరుదు. శివభక్తుడైన ఒక తండ్రి ప్రతిదినము శివాలయమునకు పాలు గొనిపోయి స్వామికి సమర్పించుట నియమముగా పెట్టుకొన్నాడు. ఒకప్పుడు ఊరు విడిచి పోవలసిన పని తగులగా, తాను వచ్చునంతవరకు ఆ నియమమును నడుపుమని పసిబిడ్డయైన కూతురికి చెప్పి వెళ్ళెను. గొడగూచి పాలు గొనిపోయి శివుని యెదుట నుంచి ఆరగింపుమనెను. స్వామి ఆరగింపలేదు. బిడ్డ బ్రతిమాలెను, ఏడ్చెను, పాలు త్రాగనిచో తన తండ్రి తన్నేమనునోయని భయపడెను, తుదకు ప్రాణము విడుచుటకు సిద్ధపడెను. అప్పుడు స్వామి ప్రత్యక్షమై పాలు త్రాగెను. అటుపిమ్మట ప్రతిదినము త్రాగుచునే యుండెను.

తండ్రి తిరిగి వచ్చి పాలేమైనవని యడిగెను. శివుడు త్రాగినాడని బిడ్డ చెప్పెను. తండ్రి నమ్మలేదు. తాను చూచుచుండగా త్రాగింపుమని గుడికి తోడుకొనిపోయెను. ఆనాడు స్వామి త్రాగలేదు. బిడ్డ అబద్ధమాడినదని తండ్రి కోపించి కొట్టబోగా, ఆమె పరుగెత్తి లింగమును కౌగిలించుకొనెను. లింగము ఆమెను తనలో చేర్చుకొనెను. లాగి వెనుకకు తీయబోయిన తండ్రికి కేశములు మాత్రమే కానవచ్చినవి.

ఈ కథను చెప్పువారందరు గొడగూచి ముగ్ధభక్తిని పొగడి ముగింతురు. అది యుక్తమే. కాని తండ్రి విషయమున ఒక్క క్షణమైనను ఆగి ఆలోచించువారు తక్కువ. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. నియమము తప్పని భక్తుడు. ఊరు విడిచి పోవునప్పుడు సైతము స్వామికి పాలు మానరాదని తలచినవాడు. ఆడుబిడ్డయని చూడక ఆ సేవను కూతురి చేతిలో పెట్టినవాడు. ఇంత మంచివాడు బిడ్డను ఏల పోగొట్టుకొనెను?

మొదటిది, పని చెప్పెను గాని పనిలోని మర్మము చెప్పలేదు. తాను ప్రతిదినము పాలు స్వామి యెదుట నుంచి, స్వామి దృష్టి సోకినవని భావించి, ప్రసాదముగా తిరిగి తెచ్చుకొనుచుండెనని పెద్దలకు తెలియును. బిడ్డకు ఎట్లు తెలియును? స్వామికి పాలిమ్మనగా ఇయ్యవలెననియే, స్వామి త్రాగుననియే బిడ్డ తలచెను. పెద్దల మాటలలో సగము లోకాచారము, సగము అర్థము ఉండును. పిల్లలు మాటను పూర్తిగా నమ్ముదురు. రెండవది యింకను గంభీరమైనది. శివుడు పాలు పుచ్చుకొనునని తండ్రి ఏండ్ల తరబడి నోటితో అనుచునే యుండెను. పుచ్చుకొన్నాడని బిడ్డ చెప్పగా నమ్మలేకపోయెను. తండ్రి మాటయందు బిడ్డకున్న విశ్వాసము తన మాటయందు తండ్రికే లేకపోయెను. మూడవది, విచారించుటకు ముందే తీర్పు చెప్పెను. పాలు త్రాగినది తన కూతురేయని మనస్సులో నిశ్చయించుకొని, దానిని నిరూపించుటకు మాత్రమే గుడికి తీసికొనిపోయెను. ఒక తండ్రి బిడ్డను దొంగగా రుజువు చేయుటకై వచ్చి నిలిచిన చోట శివుడు తన ప్రభావమును చూపక ఊరకుండెనేమో! దీనికి పండితులు వేరు వ్యాఖ్యానము చెప్పవచ్చును. గృహస్థులకు మాత్రము ఈ తలంపు చాలును.

శివభక్త మహాశయులు ఈ కథను పురాతనమని తలపరాదు. గొడగూచులు నేటికిని ప్రతి యింట నున్నారు. వారు నిజము చెప్పుచునే యున్నారు. పెద్దలు నమ్ముట లేదు. కొన్ని యబద్ధములు చిన్నవి, చిన్న నష్టముతో పోవును. కొన్ని చోట్ల మాత్రము బిడ్డ బ్రతుకే దానిపై నిలిచి యుండును. ఎనిమిదేండ్ల బాలిక యొకతె ఫలానా బంధువు వచ్చినప్పుడు ఆ గదిలోనికి పోనని మారాము చేయును. పదేండ్ల బాలుడు ఫలానా మాస్టరు వద్దకు ట్యూషనుకు పోనని కడుపునొప్పి నెపము చెప్పును. ఇంటివారు ఏమందురు? పెద్దవారిని అట్లనరాదందురు. చదువు ఎగ్గొట్టుటకు నాటకమందురు. బిడ్డ ధైర్యము చేసి జరిగినది సగము చెప్పినను, ఆయన మన కులపెద్ద, మఠమునకు వచ్చిపోవువాడు, నోరు మూసికొనుమందురు. ఆ బిడ్డ మరల ఎన్నడును నోరు తెరవదు. గొడగూచికి కౌగిలించుకొనుటకు లింగముండెను. ఈ బిడ్డకు ఎవరున్నారు?

ఈ విషయము ధర్మపత్రికలో వ్రాయదగినదా యని కొందరు ముఖము చిట్లింపవచ్చును. ధర్మము గృహమును రక్షింపనిచో పత్రికలో నెందులకు? పదునెనిమిదేండ్లు నిండని బాలబాలికలపై జరుగు లైంగికాపచారములను శిక్షించుటకు 2012లో పోక్సో చట్టము వచ్చినది. అట్టి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని ఆ చట్టమే విధించుచున్నది. దాచిన వానికి శిక్ష కలదు. ఆపదలో నున్న పిల్లల సహాయమునకు 1098 అను టెలిఫోను సంఖ్య యున్నది. కుటుంబ గౌరవము పోవునని దాచువారు ఎవరి గౌరవమును కాపాడుచున్నారో తమ్ము తామే ప్రశ్నించుకొనవలెను. దోషి యెంతటి భక్తుడుగా కనబడినను, ఎన్ని రుద్రాక్షలు ధరించినను, బిడ్డ పక్షమున నిలుచుట లింగవంతుని విధి. అధర్మము కన్నుల యెదుట జరుగుచుండగా సహింపక నిలుచుటయే గణాచారమని పంచాచారములలో చెప్పబడినది. శివనిందకు మాత్రమే గణాచారము వర్తించునని కొందరు చెప్పుదురు. మెడలో లింగమున్న పసిబిడ్డను చెరచుటకంటె శివనింద వేరొకటి కలదా?

పిల్లలు అబద్ధమాడరని దీని భావము కాదు. ఆడుదురు. బడిలో పలక పగిలినది తోటివాడి వలన ననియు, లెక్కలు చేసితిని గాని పుస్తకము మరచితిననియు చెప్పు పిల్లలు అన్ని తరములందు నుండిరి. అయితే అబద్ధమునకు మూలము వెదకినచో తరచుగా భయమే కానవచ్చును. నిజము చెప్పినప్పుడు చెంపదెబ్బయు, అబద్ధము చెప్పినప్పుడు నిశ్చింతయు దొరకు ఇంటిలో బిడ్డ దేనిని నేర్చుకొనును? నూనె ఒలికించిన పిల్ల తానే వచ్చి చెప్పినప్పుడు, ముందు ఆ చెప్పినందుకు మెచ్చుకొని, పిమ్మట గుడ్డ తెచ్చి తుడువుమని చేతికిచ్చిన తల్లి నీతిశాస్త్రము చదువకున్నను నీతిని బోధించినదే.

వీరశైవ సంప్రదాయమున బిడ్డ స్థానమేదియో కొంచెము లోతుగా చూడవలెను. తల్లి గర్భమున నున్నప్పుడే, ఎనిమిదవ మాసమున, గురువు వచ్చి గర్భస్థశిశువు కొరకు లింగధారణ చేయించు ఆచారము కలదు. తల్లి తన లింగముతో పాటు బిడ్డ లింగమును గూడ ధరించును. ప్రసవమైన పిదప ఆ లింగమును శిశువునకు కట్టుదురు. ఆడుబిడ్డయైనను మగబిడ్డయైనను భేదము లేదు. ఎనిమిదేండ్ల ప్రాయమున దీక్ష జరుగును. ఆ నాటినుండి ఆ బాలుడు, ఆ బాలిక స్వయముగా ఇష్టలింగమును అరచేతిలో నుంచి పూజింపవలెను. తల్లి పూజ చేసిన ఫలము బిడ్డకు చాలదు, తండ్రి పూజ భార్యకు చాలదు. ఎవరి లింగము వారిది. ఇట్టి సమత్వము ఇంటి నడుమనే పెట్టిన మతము లోకమున అరుదు.

ఈ ఆచారములోని తాత్పర్యము గ్రహించినవాడు బిడ్డను తన సొత్తని తలపగలడా? మాటవరుసకు, ఇంటికి జంగమయ్య వచ్చినప్పుడు గృహస్థుడు లేచి నిలిచి, పాదములు కడిగి, ఆయన చెప్పునది చేతులు కట్టుకొని వినును. అదే గృహస్థుడు పండ్రెండేండ్ల కుమారుడు ఏదో చెప్పవచ్చినప్పుడు వార్తాపత్రిక నుండియో, సెల్‌ఫోను నుండియో తల యెత్తడు. జంగముని మెడలో నున్నదియు లింగమే, కుమారుని మెడలో నున్నదియు లింగమే. భృత్యాచారమనగా శివభక్తులందరికి తాను సేవకుడనని తలచి వినయముతో మెలగుట. ఈ ఆచారమునకు ఇంటి గడపవద్ద హద్దు గీసినవారెవరు? తన బిడ్డ విషయమున భృత్యాచారము వర్తింపదని ఏ శరణుడును చెప్పలేదు.

కొట్టనిదే బుద్ధి రాదను మాట పల్లెలలోనేమి పట్టణములలోనేమి నేటికిని వినబడుచున్నది. బడులలో శారీరక దండనను, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. బడిలో తప్పైనది ఇంటిలో ఒప్పగుట వింత. కొందరు తండ్రులు స్నానము చేసి, విభూతి ధరించి, లింగపూజ ముగించి లేచిన మరునిమిషమే పిల్లవాని వీపుపై చేయి వేయుదురు. కొట్టిన చేయి యేది? క్షణము క్రితము లింగమునకు పీఠమైన అరచేయియే. ఇంతకు మించి వివరింపనక్కరలేదు.

తల్లుల విషయమున బసవపురాణమే మరియొక కథ చూపుచున్నది. బెజ్జమహాదేవి అను భక్తురాలు శివుని గూర్చి తలపోయుచు, లోకమున అందరికి తల్లియుండగా శివునికి తల్లి లేకపోయెనే యని కలగినది. జడలు కట్టిన తల, ఒడలి నిండ బూడిద, మెడలో పాములు, కాపురము శ్మశానమున, తిరిపెమెత్తుకొనుట, పైగా విషమును మ్రింగుట — తల్లియే యున్నచో ఇట్టి వానిని జరుగనిచ్చెడిదా? అని తలచి, తానే తల్లియై, లింగమును బిడ్డగా భావించి, తలయంటి, నీళ్ళుపోసి, కాటుక దిద్ది, పాలుపట్టి పెంచినది.

కథలోని వాత్సల్యమునకు అందరు కరగుదురు. అందులోని వివేకమును గూడ చూడవలెను. లోకము ఏవి శివునికి మహిమలని కీర్తించునో, అవి ఆమెకు తల్లిలేని బిడ్డ అవస్థలుగా కనబడినవి. రూపము చూచి నిందింపలేదు, పొగడలేదు, ఏమి లోపించినదని అడిగినది. తల్లిదండ్రులు అలవరచుకొనవలసిన చూపు ఇదియే. తొమ్మిదవ తరగతి చదువు కుమారుడు ఇంటికి ఆలస్యముగా వచ్చుచు, తల దువ్వుకొనక, అన్నము వద్దని, ఎవరితో మాటాడక యున్నాడనుకొనుడు. చెడిపోయినాడని తీర్పు చెప్పుట సులభము. ఏమి లోపించినదని అడుగుట కష్టము. అడిగిన తల్లికి ఒకప్పుడు సమాధానము దొరకును, ఒకప్పుడు దొరకదు. దొరకకున్నను, అడిగినారని బిడ్డకు తెలియును. మొండితనము, బద్ధకము, ఎదురు చెప్పుట అని పేర్లు పెట్టిన వానిలో ఎన్ని నిద్రలేమి వలననో, చూపు మందగించి నల్లబల్లపై వ్రాత కానరాకపోవుట వలననో, తరగతిలో ఎవడో వెక్కిరించుట వలననో కలిగినవని చిరకాలము పాఠము చెప్పిన ఉపాధ్యాయులకు తెలిసిన విషయమే. కంటి పరీక్ష చేయించి అద్దములు పెట్టించినంతనే మొద్దనిపించుకొన్న పిల్ల మొదటి వరుసకు వచ్చుట ప్రతి పాఠశాలలో ఏటేట జరుగునదే.

ఇక బసవేశ్వరుని బాల్యము. మాదిరాజు, మాదాంబల కుమారుడై బాగెవాడిలో జన్మించిన బసవనికి ఎనిమిదవ యేట ఉపనయనము చేయ తండ్రి సంకల్పించెను. కుమారుడు అంగీకరింపలేదు. శివభక్తునికి ఈ కర్మబంధ మెందులకని వాదించెను. తుదకు అక్కయైన నాగమాంబతో ఇల్లు వెడలెను. అక్కకు లేని ఉపనయనము తనకేలయని బాలబసవడు అడిగెనని జనులలో ప్రచారమున నున్న కథ. మాదిరాజు పక్షమున గూడ ఒక మాట చెప్పవలెను. ఆయన శివుని కొలిచినవాడే, కుమారుని మేలు కోరినవాడే, తన తండ్రి తనకేమి చేసెనో అదియే తాను చేయబోయెను. సామాన్యముగా తల్లిదండ్రులు చేయు బలవంతములన్నియు ఇట్టివే. చెడు తలంపుతో చేయువారు కొందరే. తమకు జరిగినది బిడ్డకు జరుగకున్న లోకమేమనునోయను భయముతో చేయువారే పలువురు.

అయినను ఆ యింట ఒక గొప్ప విషయము జరిగినది. ఎనిమిదేండ్ల బాలుడు తండ్రి యెదుట నిలిచి ప్రశ్నింపగలిగినాడు. ఆ ప్రశ్నకు తండ్రి సమాధానము చెప్పుటకు యత్నించినాడు. నోరు మూయుమని తరిమివేసియున్నచో వాదమే యుండదు. బసవపురాణమున తండ్రి కొడుకుల ఆ సంవాదము నడచుటయే, ప్రశ్నించు బిడ్డ పెరుగుటకు తగిన ఇల్లు అది యని చెప్పుచున్నది. పిమ్మట నాగమాంబ చేసినది గమనింపదగినది. తమ్ముడు ఒంటరి కాకుండ తాను తోడు వెళ్ళినది. ఇంటిలో తండ్రికి కొడుకునకు మాట పడనప్పుడు అక్కయో, మేనమామయో, అవ్వయో బిడ్డవైపున ఒకరుండుట ఎంత అవసరమో! ఇద్దరు పెద్దలు ఏకమై ఒక పిల్లవానిపై పడు ఇంటిలో పిల్లవానికి వీధియే దిక్కు.

పెద్దవాడైన పిమ్మట బసవేశ్వరుడు ఈ పాఠమును మరువలేదు. కళ్యాణమున బిజ్జలుని మంత్రియై, వేల శరణులకు నాయకుడై వెలుగునప్పుడు, నాగమాంబ కుమారుడైన చెన్నబసవన్న ఆయనకంటె చాల చిన్నవాడు. వరుసకు మేనల్లుడు. అయినను షట్‌స్థల జ్ఞానమున అతడు మించినవాడని గ్రహించి, అతని మాటను తలవంచి వినెను. అనుభవమంటపమున అల్లమప్రభువు తరువాత శూన్యసింహాసనమున కూర్చున్నది ఆ మేనల్లుడే. తనకంటె చిన్నవాని ముందు తల వంచుట నేర్చిన మేనమామ దొరకిన పిల్లవాడు ధన్యుడు. నేటి యిండ్లలో పదునాలుగేండ్ల కూతురు సెల్‌ఫోనులో బ్యాంకు లెక్కను సరిచేసి యిచ్చినప్పుడు, నీకేమి తెలియునని కసురుకొనక, తల్లీ నాకు నేర్పుమని అడిగిన తండ్రికి చిన్నతనమేమియు రాదు.

మఱియొక విషయమును దాటిపోరాదు. జాతి, జనన, ప్రేత, రజస్సు, ఉచ్ఛిష్టములని చెప్పబడు అయిదు సూతకములను లింగధారులు పాటింపనక్కరలేదని శరణుల సిద్ధాంతము. అయినను కూతురు పెద్దమనిషియైన నాడు ఆమెను మూలన కూర్చుండబెట్టి, వేరు పళ్ళెము, వేరు చాప యిచ్చి, పూజగది వైపు రావలదను లింగవంతుల యిండ్లు ఉన్నవి. పన్నెండేండ్ల ఆ పిల్లకు మెడలోని లింగము ఏమి చెప్పుచున్నది, ఇంటివారు ఏమి చెప్పుచున్నారు? లింగము నీ శరీరము శివునిదనును, అమ్మ నీ శరీరము అంటరానిదనును. తన దేహమును గూర్చి సిగ్గుపడుట నేర్చిన పిల్ల, పైన చెప్పిన ఆపద ఏదైన వచ్చినప్పుడు నోరు విప్పి చెప్పలేదు. ఈ రెండు విషయములకు ఇంత దగ్గర సంబంధమున్నదని తల్లులు గ్రహింపవలెను. ఇది ఇంటి పెద్దావిడలు చక్కదిద్దవలసిన పని. స్వాములవారి ఉపన్యాసములతో ముగియునది కాదు.

చదువు, ఉద్యోగము, మార్కుల విషయమున కాయక సిద్ధాంతము గుర్తు చేసికొనుట మేలు. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. అనుభవమంటపమున వీరందరు మంత్రియైన బసవనితో సమముగా కూర్చుండిరి. ఇట్టి పూర్వులను చెప్పుకొను సంఘమున, ఇంజనీరు కానిచో, డాక్టరు కానిచో బిడ్డ బ్రతుకు వ్యర్థమని ఏడ్చు తల్లిదండ్రులుండుట విచారకరము. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన దినములలో పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో తప్పులు దొరలినవని పిమ్మట పెద్ద ఆందోళన జరిగినది. తప్పు కాగితముపై అచ్చైన అంకెలో నున్నదో, లేదో తరువాతి సంగతి. ఆ అంకెతో ఇంటికి పోలేనని ఒక బిడ్డ ఎందువలన తలచెనన్నది తల్లిదండ్రుల ప్రశ్న. ఫలితములు వచ్చుటకు ముందుదినమే, అవి యెట్లున్నను ఇంటిలో అన్నము పెట్టు చేయి మారదని బిడ్డతో నోరారా చెప్పి యుంచిన ఇల్లు ఎన్ని?

అయిదక్కి మారయ్య, లక్కమ్మల కథ కళ్యాణపు కథలలో చిన్నది. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యమును మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ చూచి, ఈ అత్యాశ మనకేలయని, అధికమును తీసికొనిపోయి అచ్చటనే పోసి రమ్మనెను. మారయ్య మారు మాటాడక పోసి వచ్చెను. పిల్లలకు ధనమును గూర్చి, న్యాయమును గూర్చి వేరుగా పాఠములు చెప్పనవసరము లేదు. భార్య తప్పు చూపగా భర్త కోపగించుకొనక లేచి వెళ్ళుట ఒక్కమారు చూచిన పిల్లవాడు, పెరిగి పెండ్లాడిన పిదప భార్య మాట వినుట తక్కువతనమని తలపడు. రాత్రి అన్నముల వేళ తల్లిదండ్రులు మాటాడుకొను మాటలనుండి పిల్లలు నేర్చినది బడిలో నేర్చిన దానికంటె ఎక్కువ. దుకాణములో తూకము విషయము, అప్పు తీర్చని బంధువు విషయము, కోడలి పుట్టింటివారి విషయము అన్నియు చిన్న చెవులలో పడుచునే యుండును.

మఠములకు గూడ ఈ విషయమున బాధ్యత కలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వాములవారు 2019 జనవరిలో 111 ఏండ్ల ప్రాయమున లింగైక్యమందువరకు, కులమత భేదము లేక వేలాది బాలురకు అన్నము, అక్షరము, ఆశ్రయము నొసగిరి. సొంత సంసారము లేని సన్న్యాసి అందరి పిల్లలకు తండ్రియైన చరిత్ర అది. అంత పెద్ద పని అన్ని మఠములకు సాధ్యము కాకపోవచ్చును. ఊరి మఠమునకు పండుగకు వచ్చిన పిల్లలను వరుసలో నిలిపి విభూతి పెట్టి పంపుటతో సరిపెట్టక, ఒక్కొక్కరి పేరడిగి, ఇంటిలో ఎట్లున్నదని అడుగుట ఏ మఠమునకైనను సాధ్యమే. తల్లిదండ్రులకు చెప్పలేనిది అయ్యగారికి చెప్పు పిల్లలుందురు.

ఉద్యోగములకై, చదువులకై ఇల్లు వదిలిన పిల్లల విషయమున పెద్దలకు కలుగు ఆందోళనలలో ఒకటి తరచుగా వినబడుచుండును. జహీరాబాదు ప్రాంతపు ఇంటినుండియో, ఆదోని ఇంటినుండియో హైదరాబాదు హాస్టలునకు పోయిన కుమారుడు సెలవులకు వచ్చును. చొక్కా విప్పినప్పుడు మెడలో శివదారము కానరాదు. ఇంటిలో గగ్గోలు పుట్టును. అవ్వ ఏడ్చును, తల్లి నీరు ముట్టదు, తండ్రి వంశము పేరు చెప్పి గద్దించును. ఆ రాత్రి పిల్లవాడు శివదారము మెడలో వేసికొనును. తిరిగి వెళ్ళునాడు బస్సులో తీసి సంచిలో దాచును. పెద్దలు గెలిచితిమని తలతురు.

ఒక యింట ఇది వేరుగా జరిగినది. తండ్రి ఆనాడు ఏమియు అనలేదు. మరునాడు ఉదయము స్నానము చేసి, తన పీట ప్రక్కన మరియొక పీట వేసి, నాయనా రమ్మని పిలిచి, ఇద్దరు కలిసి కూర్చుండిరి. కుమారుడు సంచిలోనుండి సజ్జ తీసి తెచ్చెను. పారవేయలేదు. పూజ ముగిసిన పిమ్మట తండ్రి, హాస్టలులో ఏమైన జరిగినదా యని అడిగెను. చాలసేపటికి కుమారుడు చెప్పెను. గదిలోని తోటివారు అది యేమని అడిగిరట. తాను చెప్పలేకపోయెనట. నవ్విరట. అంతకంటె నవ్వు వలన తాను బాధపడలేదనియు, తనకే సమాధానము తెలియదను సంగతి ఆనాడు తెలిసినందుకు సిగ్గుపడి తీసివేసితిననియు చెప్పి, నాన్నా, ఈ లింగము నల్లగా ఏల యున్నది, దీనిపై పూసిన కంతి యేమి, అరచేతిలోనే ఏల పెట్టుకొనవలెను అని వరుసగా అడిగెను.

తండ్రికి మూడింటికిని సమాధానము రాలేదు. నలుబదేండ్లుగా ప్రతిదినము ఆ లింగమును పూజించినవాడు. మా నాన్న చెప్పలేదు, నేను అడుగలేదు అని నిజము చెప్పెను. ఆ సోమవారము ఇద్దరు కలిసి ఊరి మఠమునకు వెళ్ళి స్వాములవారి యెదుట కూర్చుండిరి. మొదట అడిగినది తండ్రి.